కడప రోడ్ల మీద మొదటి రోడ్ బైకు: ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

మీ దగ్గర పాతిక ముప్పై వేల రోడ్ బైకు, అంటే సన్నని టైర్లు, వంపు హ్యాండిల్ ఉన్న సైకిలు ఉంది. అల్యూమినియం ఫ్రేము, వెనక ఏడో ఎనిమిదో గేర్లు, పదకొండు కిలోల బరువు. ఏడురోడ్ల నుంచి ఒంటిమిట్ట దాకా పోయి వచ్చారు, బాగానే ఉంది. ఇప్పుడు ఇంకో పదివేలు పక్కన పెట్టారు. దేని మీద ఖర్చు చేయాలి?

నేను మొదట చక్రాల మీద పెట్టాను. 400 గ్రాముల బరువు తగ్గించుకోవడానికి 16,000 పోశాను. లెక్క మాత్రం కొన్న తర్వాత వేసుకున్నాను: నేను 68 కిలోలు, బండి 11, నీళ్ళు 2, మొత్తం 81. అందులో 400 గ్రాములంటే అర శాతం. ఇరవై నిమిషాలు పట్టే మిట్ట ఎక్కితే మిగిలేది ఆరు సెకన్లు. అదే నెలలో గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే బ్రేకు చాలక, ముందున్న లారీకి రెండు మూరల దూరంలో ఆగాను. ఆ కొత్త చక్రాల మీద ఉన్నవి బండితో వచ్చిన పాత బ్రేకు రబ్బర్లే. అవి మార్చడానికి వెయ్యి రూపాయలు కూడా అయ్యేది కాదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే వరుస ఇది.

ముందు ఒక నెల ఏమీ కొనకండి

చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తిరిగి వచ్చిన ప్రతిసారీ రెండు లైన్లు రాయండి: ఎంత దూరం పోయారు, ఏది ఇబ్బంది పెట్టింది. "సిద్ధవటం, 40 కిలోమీటర్లు, కుడి చెయ్యి తిమ్మిరి." "చెన్నూరు దాటాక పంక్చర్, ముల్లు." "మిట్ట మీద గేరు అయిపోయింది, దిగి నడిచాను." నెల తిరిగేసరికి ఒకే మాట మూడు నాలుగు సార్లు కనిపిస్తుంది. మీ డబ్బు పోవాల్సింది దాని మీదే. పుస్తకంలో ఒక్కసారి కూడా రాని సమస్యకు మందు కొనకండి, అది ఎంత అందంగా ఉన్నా సరే.

ఈ నెలలోనే డబ్బు పెట్టకుండా సరిచేయగలిగినవన్నీ సరిచేయండి. వాటిలో మొదటిది సీటు ఎత్తు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, రెండు కాళ్ళ మధ్య అట్ట పుస్తకాన్ని పైకి గట్టిగా పట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు ఉంటే 70.6 వస్తుంది. పెడల్ కడ్డీలు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికే. అక్కడి నుంచి ఐదేసి మిల్లీమీటర్లు జరుపుతూ రెండు మూడు రైడ్లు చూడండి. మోకాలి ముందు భాగం నొస్తుంటే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు, వెనక భాగం లాగుతుంటే పైకి ఉన్నట్టు. చేతులు తిమ్మిరెక్కుతుంటే సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి. ముక్కు వంగితే ఒళ్ళు ముందుకు జారుతుంది, ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంది. వేల రూపాయల కొత్త సీటు కొనబోయి అలెన్ కీ ఒక్క తిప్పుతో ఆగినవాళ్ళు నాకు తెలుసు.

రెండోది చైను. కడప దుమ్ము చైను మీద నూనెతో కలిస్తే నల్లటి ముద్దవుతుంది. ఆ ముద్ద గేరు పళ్ళను ఉప్పు కాగితంలా అరగదీస్తుంది. కిరోసిన్ గుడ్డతోనో డిగ్రీజర్‌తోనో తుడిచి, ఆరనిచ్చి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చైను ఆయిల్ వేసి, పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా తుడిచేయండి. చైను బయటి వైపు పొడిగా ఉండాలి, ఆయిల్ లోపల ఉండాలి. మూడోది చక్రం. తిప్పి చూస్తే బ్రేకు రబ్బరు దగ్గర అటూ ఇటూ ఊగుతోందా? పుల్లలు బిగించి బెండు తీసే పాత మిస్త్రీలు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతికి ఇవ్వండి, కొత్త చక్రం అక్కర్లేదు.

మొదటి ఖర్చు: టైర్లు

తక్కువ ధర రోడ్ బైకుతో వచ్చే టైర్లు గట్టి రబ్బరువి, లోపల వైరు ఉన్నవి. ఎక్కువ రోజులు వస్తాయి, కానీ బరువుగా దొర్లుతాయి, తడి రోడ్డు మీద పట్టు ఇవ్వవు. బండి స్వభావం మొత్తం మారిపోవాలంటే ఇంత తక్కువ డబ్బుతో దీన్ని మించిన మార్పు లేదు. మంచి జత నాలుగైదు వేల నుంచి దొరుకుతుంది.

కొనే ముందు మీ టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి: 700×23, 700×25 అలా ఉంటుంది. చివరి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 23 ఉంటే 28కి పోవచ్చేమో చూడండి. బ్రేకు కింద, ఫ్రేము రెండు కాళ్ళ మధ్య, ముందు ఫోర్కు లోపల నాలుగేసి మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అది మిగలకపోతే 25తో ఆగండి. సన్నని టైరు ఎక్కువ గాలితో వేగంగా పోతుందని మనకొక నమ్మకం ఉంది. నున్నటి నేల మీద అది కొంతవరకు నిజం. మన రోడ్డు అలాంటిది కాదు. గులకరాళ్ళ తారు మీద రాయిలా బిగిసిన టైరు ప్రతి గతుకుకూ బండినీ మిమ్మల్నీ పైకి ఎగరేస్తుంది. మీరు ముందుకు పోవడానికి పెట్టిన బలంలో కొంత ఆ ఎగరడానికే పోతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తగ్గించి పెడితే గతుకును టైరే మింగుతుంది. 70 కిలోల మనిషికి 28 టైరులో ట్యూబుతో వెనక 75 నుంచి 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు దానికి ఐదు తక్కువ పెట్టి మొదలుపెట్టండి. తెల్లవారి 25 డిగ్రీల్లో 80 కొట్టి, మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో బండి నిలబెడితే లోపల 86 దాకా పెరుగుతుంది. అది టైరు మీద రాసిన గరిష్ఠానికి లోపలే కాబట్టి భయం లేదు గానీ, మే నెలలో గరిష్ఠం దాకా గాలి కొట్టే అలవాటు మానుకోండి.

ఇక ముళ్ళు. ఈ విషయంలో మనకూ బెంగళూరు వాళ్ళకూ లెక్క వేరు. మనకు రోడ్డు అంచున రెండు శత్రువులు. ఒకటి సర్కారు తుమ్మ. కంప నరికి ట్రాక్టరులో తీసుకుపోతుంటే రాలిన ముళ్ళు తారు మీదే పడి ఉంటాయి, అంగుళం పొడవు, చెక్కంత గట్టివి. రెండోది పల్లేరుకాయ. దీన్ని ఒకసారి చేతిలో పెట్టుకుని చూడండి. ఎండిన కాయ, శనగ గింజంత, ఎటు దొర్లినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మోరీ పక్కన, పొలం గట్టు దిగే చోట, లారీలు ఆగే మట్టిలో ఇవి పరుచుకుని ఉంటాయి. నీళ్ళు తాగడానికి బండి రోడ్డు దించి మట్టిలో నిలబెట్టినప్పుడే ఎక్కువగా అంటుకుంటాయి. కాబట్టి బండిని భుజాన ఎత్తుకుని దిగండి, లేదా తారు అంచునే నిలబడండి. ఖర్చు లేని పంక్చర్ రక్షణ ఇదే.

నోటుబుక్కులో "ముల్లు" అన్న మాట నెలకు రెండు మూడు సార్లు ఉంటే, తేలికైన రేసు టైరు వద్దు. లోపల పంక్చర్ రక్షణ పట్టీ ఉన్న టైరు తీసుకోండి. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ లాంటివి ఈ జాతి. కొంచెం బరువు, కొంచెం నెమ్మది, కానీ వేంపల్లె దారిలో తొమ్మిది గంటల ఎండలో కూర్చుని ప్యాచ్ వేసుకునే ఇరవై నిమిషాలు మిగులుతాయి. ట్యూబులెస్ జోలికి ఈ బండితో పోకండి. ఈ ధరలో వచ్చే చాలా రిమ్ములు దానికి తయారైనవి కావు. పైగా రంధ్రాలు పూడ్చడానికి లోపల పోసే సీలెంటు మన ఎండకు త్వరగా ఎండిపోతుంది, మాటిమాటికీ పోయాలి.

నాకు ఈ విషయం నేర్పింది రోడ్డు పక్క పంక్చర్ షాపు పెద్దాయన. కొత్త ట్యూబు వేసుకున్న పావుగంటకే మళ్ళీ గాలి పోయి ఆయన దగ్గర ఆగాను.

"టైరు లోపల చెయ్యి పెట్టి చూసినావా నాయనా?"

"చూశాను పెద్దాయనా, ఏమీ తగల్లేదు."

"ఏలు గాదు, దూది పెట్టి తిప్పు. ముల్లు మొన ఆడనే ఉంటాది. దూది పట్టుకుంటాది."

దూది తిప్పితే మూడో చుట్టులో ఒక చోట పీచు చిక్కింది. తుమ్మ ముల్లు మొన, సూది మొనంత, రబ్బరులో విరిగి మిగిలింది. వేలికి తెలియదు, ట్యూబుకు తెలుస్తుంది. అప్పటి నుంచి నా సీటు సంచిలో చిన్న దూది ఉండ, ఒక పట్టకారు ఉంటాయి.

టైర్ల లెక్కలోనే ఒక గాలి పంపు కూడా వేసుకోండి. రోడ్ బైకుకు వచ్చే సన్నని ప్రెస్టా వాల్వుకు మన షాపుల నాజిల్ పట్టదు. పదుల రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంచుకుంటే ఆపదలో గట్టెక్కుతారు. కానీ ఇంట్లో మీటరు ఉన్న నిలువు పంపు ఉండి తీరాలి, రెండు వేల లోపు వస్తుంది. ఎన్ని పీఎస్ఐ ఉందో తెలియకుండా ఎంత మంచి టైరు వేసినా ఉపయోగం లేదు.

రెండో ఖర్చు: బ్రేకులు

కడప నుంచి రాయచోటి వైపు నలభయ్యో నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. ఎక్కి, పైన పాలకోవ తిని, దిగడం మన దగ్గర సైకిలు తొక్కేవాళ్ళకు ఆదివారం పండగ. ఎక్కేటప్పుడు బండిలో ఏ లోపం ఉన్నా మహా అయితే ఆయాసం. దిగేటప్పుడు అలా కాదు. మలుపులు, నిండు లోడుతో గేర్లో మెల్లగా దిగే లారీలు, వాటిని దాటబోయే కార్లు. ఇక్కడికి పోయే బండికి బ్రేకు విషయంలో బేరం వద్దు.

రిమ్ము బ్రేకు అయితే, బండితో వచ్చిన రబ్బర్లు చాలావరకు గట్టివి. చక్రం విప్పి రబ్బరు ముఖం చూడండి. అద్దంలా మెరుస్తుంటే ఉప్పు కాగితంతో రుద్దండి. మధ్యలో వెండి చుక్కల్లా కనిపిస్తే అవి రిమ్ము నుంచి వచ్చిన అల్యూమినియం రేణువులు, సూదితో తీసేయండి. వాటిని వదిలేస్తే రిమ్ము మీద గీతలు పడతాయి. రబ్బరు మీద గాడులు అరిగిపోయి ఉంటే మాత్రం మార్చడమే. అరిగిన రబ్బరు ఒక్కటే జారి మారే కార్ట్రిడ్జ్ రకం తీసుకుంటే తర్వాత ఖర్చు తగ్గుతుంది. బిగించేటప్పుడు రబ్బరు పూర్తిగా రిమ్ము మీదే పడాలి. పైకి పోయి టైరును తాకితే ఒక్క ఘాట్‌లోనే టైరు పక్కగోడ కోసేస్తుంది. కీచుమంటుంటే రబ్బరు ముందు కొస రిమ్మును ఒక వెంట్రుకవాసి ముందుగా తాకేలా వంచి బిగించండి.

దాంతోపాటే బ్రేకు కేబుళ్ళు, వాటి తొడుగులు కూడా మార్చండి. లివరు గట్టిగా, ఆలస్యంగా కదలడానికి తరచుగా కారణం తుప్పు పట్టిన కేబులే. మెకానికల్ డిస్కు బ్రేకు ఉన్నవాళ్ళకు ఒక మాట: ప్యాడ్లు అరిగే కొద్దీ లివరు లోపలికి పోతుంది, అడ్జస్టరు తిప్పి దగ్గరికి తెచ్చుకోవాలి. కొత్త ప్యాడ్లు కొనేటప్పుడు డిస్కు మీద ఏముందో చదవండి, కొన్ని డిస్కులకు రెజిన్ ప్యాడ్లే వేయాలని రాసి ఉంటుంది.

మూడోది: మిట్టకు గేరు

నోటుబుక్కులో "గేరు అయిపోయింది" అని ఉన్నవాళ్ళకే ఇది. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 28 పళ్ళు అనుకోండి. పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు 2.6 మీటర్లు కదులుతుంది. వెనక 32 వేస్తే 2.25 మీటర్ల దగ్గరికి వస్తుంది. అంటే అదే మిట్టను ఎనిమిదో వంతు తక్కువ బలంతో, కాస్త నెమ్మదిగా ఎక్కుతారు. మోకాలికి ఇది చక్రాల బరువు తగ్గించడం కంటే ఎన్నో రెట్లు మేలు.

కొనే ముందు మూడు చూడాలి. మీది ఫ్రీవీలా, క్యాసెట్టా? వెనక పళ్ళచక్రాల గుత్తిని చక్రం మధ్యలోని హబ్బుకు బిగించే రెండు పద్ధతులివి: ఫ్రీవీల్ మరతో బిగుస్తుంది, క్యాసెట్ హబ్బు గాడుల మీద కూర్చుంటుంది. ఏడు గేర్ల బండ్లలో తరచుగా మరబిగింపు ఫ్రీవీల్ ఉంటుంది. దానికి క్యాసెట్ పట్టదు, కానీ 14-28 తీసి 14-34 ఫ్రీవీల్ వేయవచ్చు. వెనక డెరైలరు (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) అంత పెద్ద పళ్ళచక్రాన్ని మోయగలదా? దాని మోడలు నంబరు వెనక రాసి ఉంటుంది, దాన్ని బట్టి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ పళ్ళ సంఖ్య వెతికి చూడండి. మూడోది చైను పొడవు. పెద్ద దానికి చాలకపోతే గేరు వేసిన క్షణంలో డెరైలరే విరుగుతుంది.

చైను అరిగిందో లేదో చూసుకోకుండా కొత్త క్యాసెట్ వేయకండి. స్టీలు స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటిపోయిందంటే చైను మార్చే సమయం వచ్చింది. అప్పుడే మారిస్తే పళ్ళు బతుకుతాయి. నాన్చితే పళ్ళూ పోతాయి, అప్పుడు రెండూ కొనాలి.

ఒంటికి తగిలే చోట్లు

సీటు, హ్యాండిల్ టేపు, పెడళ్ళు. సీటు ఎత్తూ వాలూ సరిచేశాక కూడా నొప్పి ఉంటేనే సీటు మార్చండి. మెత్తటి జెల్ సీటు షాపులో కూర్చుంటే హాయిగా ఉంటుంది, గంట దాటితే మెత్తదనం లోపలికి దిగి నొక్కుతుంది. చూడాల్సింది వెడల్పు. కూర్చునే రెండు ఎముకలూ సీటు మీద ఆనాలి. ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ ముందు కొనండి, చాలామందికి సీటు మార్చే అవసరమే తీరిపోతుంది. టేపు మూడు నాలుగు వందల పని, చెమటకు పాతది జారుతుంటే మార్చేయండి.

బూటు బిగుసుకునే పెడళ్ళు కొనాలనుకుంటే రెండు బోల్టుల ఎస్పీడీ రకం మేలు. ఆ బూటుతో నడవవచ్చు, టీ కొట్టు దగ్గర జారిపడరు. బిగించేటప్పుడు ఎడమ పెడల్ మర వ్యతిరేక దిశలో ఉంటుందని గుర్తుంచుకోండి. బలవంతంగా తిప్పితే క్రాంకు మర పోతుంది.

జూన్ జూలైలో పులివెందుల వైపు పోయేవాళ్ళు ఎదురుగాలితో అలసిపోయి, గాలిని చీల్చే ఏరో చక్రాల గురించి అడుగుతుంటారు. గాలిని ఎక్కువగా అడ్డుకునేది బండి కాదు, మీ ఒళ్ళు. చేతులు వంపు హ్యాండిల్ కిందికి దించి, మోచేతులు మడవండి. గాలికి పటపటలాడే టీషర్టు మాని ఒంటికి పట్టిన జెర్సీ వేయండి. వెయ్యి రూపాయల్లో ఏ చక్రమూ ఇవ్వలేనంత తేడా కనిపిస్తుంది.

హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, రెండు నీళ్ళ బాటిళ్ళకు రెండు హోల్డర్లు: వీటిని అప్‌గ్రేడ్ అనడం కూడా తప్పే. లేకపోతే ఈ వారమే కొనండి. చీకటితో బయలుదేరే ఊరు మనది, ఎండకు భయపడి ఐదింటికే రోడ్డెక్కుతాం. వెనక ఎర్ర లైటు లేకుండా హైవే ఎక్కకండి.

వీటి దగ్గరికి పోకండి

గేరు సెట్టు మొత్తం మార్చడం మొదటిది. షిమానో కంపెనీ ఎనిమిది గేర్ల క్లారిస్ సెట్టు నుంచి పదకొండు గేర్ల 105 సెట్టుకు పోవాలంటే లివర్లు, రెండు డెరైలర్లు, క్యాసెట్, చైను మారాలి. పదకొండు గేర్ల రోడ్ క్యాసెట్ కూర్చునే హబ్బు పాతదానికంటే 1.85 మిల్లీమీటర్లు పొడవు, కాబట్టి తరచుగా వెనక చక్రం కూడా మారాలి. బండి ధర దాటిపోతుంది. గేర్లు గట్టిగా, ఆలస్యంగా పడుతున్నాయన్నదే మీ బాధ అయితే గేరు కేబుళ్ళూ తొడుగులూ కొత్తవి వేయించండి. వెయ్యిలోపు పని. దుమ్ములో ఏడాది తిరిగిన క్లారిస్ కూడా ఆ సాయంత్రం కొత్తదానిలా మారుతుంది.

కార్బన్ సీట్‌పోస్టు, టైటానియం బోల్టులు, సిరామిక్ బేరింగులు కూడా ఇదే లెక్క. చక్రాల గురించి పైన చెప్పాను. ఒక్క సందర్భంలో చక్రం మార్చవచ్చు. ఫ్రీవీల్ రకం హబ్బులో కుడి బేరింగు ఇరుసు చివరికి దూరంగా లోపలికి ఉంటుంది, అందుకే బరువైనవాళ్ళకు వెనక ఇరుసు వంగుతుంటుంది. రెండుసార్లు వంగితే మూడోసారి ఇరుసు కొనకండి, క్యాసెట్ హబ్బు ఉన్న మామూలు అల్యూమినియం చక్రం తీసుకోండి.

మొత్తం ఖర్చుకు నేను పెట్టుకున్న గీత బండి ధరలో మూడో వంతు. ముప్పై వేల బండికి పదివేలు. టైర్లు, ట్యూబులు, పంపు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు అన్నీ అందులోనే వస్తాయి, అవసరమైతే గేరు కూడా. అది దాటే ఆలోచన వస్తే ఆ డబ్బు వేరే డబ్బాలో వేసి పెట్టండి, రెండేళ్ళకు ఇంకో బండికి సగం వస్తుంది. అమ్మేటప్పుడు మీరు వేసిన ఖరీదైన భాగానికి ఎవరూ విలువ కట్టరు. కాబట్టి బండితో వచ్చిన భాగాలన్నీ ఒక గోనెసంచిలో దాచండి. అమ్మే రోజు పాతవి తిరిగి బిగించి, మంచివి మీ కొత్త బండికి తీసుకుపోండి.

ఆ సంచిలోంచి పాత టైరు ఒకటి మాత్రం బయటికి తీయండి. వైరు అంచులు వదిలేసి మధ్యలోంచి బొటనవేలంత ముక్కలు నాలుగు కోసి సీటు సంచిలో వేసుకోండి. ఎర్రగుంట్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల దారిలో కడప బండల పెచ్చులు రోడ్డు మీద పడి ఉంటాయి. అవి టైరు పక్కగోడను కత్తిలా చీలుస్తాయి, ఆ చీలికలోంచి ట్యూబు ఉబ్బి బయటికి వస్తుంది. ఆ ముక్కను లోపలి వైపు చీలికకు అడ్డం పెట్టి, ట్యూబు వేసి, మామూలు గాలిలో సగం కొట్టి మెల్లగా తొక్కితే ఇల్లు చేరతారు.